చలి దాటేదాకా సాల్వియాకు కత్తెర పెట్టకండి

మొన్న ఆదివారం ఇక్కడ ఇంగ్లండ్‌లో మా వాట్సాప్ గ్రూపులో ఒక ఫొటో వచ్చింది. "దీపావళి క్లీనింగ్ అయిపోయింది, తోటతో సహా!" అని కింద రాశారు. సెప్టెంబరంతా ఫెన్స్ పక్కన మనిషెత్తు ఊదాపూలతో ఊగిన పూలమొక్క, అమిస్టాడ్ రకం సాల్వియా, జానెడు మోళ్ళుగా మిగిలింది. అందరూ చప్పట్ల ఎమోజీలు పెట్టారు. నాకు మాత్రం గుండె గుభేలుమంది, ఎందుకంటే 2022లో నేనూ అచ్చం ఇదే పని చేశాను.

ఆ ఏడాది జులై 19న లింకన్‌షైర్‌లోని కోనింగ్స్‌బీలో 40.3 డిగ్రీల ఎండ కాసింది. సాల్వియాలకు ఆ వేసవి పండగే. డిసెంబర్ రెండో వారానికల్లా స్కాట్లండ్‌లోని బ్రేమార్‌లో చలి -17.3కి దిగింది. మా రెడింగ్‌లో అంత లేదు గానీ, రోజుల తరబడి నేల రాయిలా బిగుసుకుపోయింది. నా ఆరు మొక్కల్లో ఐదు పోయాయి. బతికిన ఒక్కటీ షెడ్ వెనక సందులోది. అక్కడికి దూరలేక, బద్ధకించి, దాన్ని కోయకుండా వదిలేశాను.

పోతే మళ్ళీ కొనుక్కోవచ్చుగా అంటారా, ఒక్క కుండీకి పదిహేను పౌండ్లు పెట్టేవాళ్ళనే అడగండి.

తులసిని ఇంట్లోకి తెచ్చుకోమని ఎవరికీ చెప్పక్కర్లేదు. సాల్వియా తులసికి చుట్టమే. కాడ తాకి చూడండి, రెండింటికీ నాలుగు పలకలుంటాయి. కాకపోతే ఇది బయట ఉండగలదు, దాన్ని దాని మానాన వదిలేస్తే.

శరదృతువులో కోస్తే ఏమవుతుంది? అమిస్టాడ్, గ్వారనిటికా లాంటి వాటి ముదురు కాడలు చాలావరకు లోపల బోలుగా ఉంటాయి. పైన కోస్తే అది నోరు తెరిచిన గొట్టమే. నవంబర్ వాన అందులోంచి మొదట్లోకి దిగుతుంది, గడ్డకడుతుంది, కరుగుతుంది, మళ్ళీ గడ్డకడుతుంది. ఫిబ్రవరికి మొదలు మెత్తగా కుళ్ళుతుంది. ఇంకో సంగతి, నవంబర్‌లో ఓ పదిరోజులు వెచ్చగా ఉంటే కోసిన మొక్క వసంతం వచ్చిందనుకుని చిగురేస్తుంది. దాచుకున్న సత్తువంతా ఆ చిగురుకు పెట్టాక ఫ్రాస్ట్, అంటే రాత్రి పేరుకునే మంచుపొర, వచ్చి దాన్ని కాల్చేస్తుంది. ఎండిపోయి, నల్లబడి, చూడ్డానికి అసహ్యంగా ఉన్న ఆ కొమ్మలే మొదలుకు దుప్పటి. అసహ్యంగా ఉన్నా సరే, ఉండనివ్వండి. కోయకండి.

అన్ని రకాలూ ఒకటి కావు. కారడోనా లాంటి నెమొరోసా రకాలు ఇంగ్లండ్ చలిని లెక్కచేయవు, వాటి గొడవ ఇక్కడ అక్కర్లేదు. హాట్ లిప్స్ లాంటి పొద రకాలు నీరు నిలవని చోట, దక్షిణం వైపు గోడ పక్కన ఉంటే చాలా చలికాలాలు గట్టెక్కుతాయి. అమిస్టాడ్, గ్వారనిటికా, నీలిపూల పేటెన్స్ పైన చచ్చిపోయి కింద బతికే రకాలు. పేటెన్స్‌కు దుంపలుంటాయి, కావాలంటే డాలియా దుంపల్లా తవ్వి పొడిగా దాచుకోవచ్చు. ల్యూకాంతా, కన్ఫర్టిఫ్లోరా, పైనాపిల్ వాసన వేసే ఎలిగన్స్ మాత్రం నిజంగా సుకుమారం. వాటిని బయట వదిలితే జూదమే. కుండీలో ఉంటే లోపలికి తెండి, నేలలో ఉంటే కటింగులు, అంటే గుచ్చి కొత్త మొక్కలు చేసుకునే కొమ్మ ముక్కలు, తీసుకోండి.

మొక్క లేబుల్ మీద చలిని ఎంత తట్టుకుంటుందో చెప్పే గుర్తు హెచ్3 అని ఉంటే -5 దాకా తట్టుకుంటుందని లెక్క. తడి సంగతి ఆ అంకెలో లేదు. బంకమట్టిలో, నీళ్ళలో నానుతూ ఉన్న హెచ్3 మొక్క -2కే పోవచ్చు. ఇసుక నేలలో అదే మొక్క -6 చూసి కూడా లేస్తుంది.

కటింగులకు ఆగస్టు, సెప్టెంబర్ మంచివి. ఇప్పుడైనా ఫర్వాలేదు, అసలు తీయకపోవడం కన్నా నయం. పువ్వు లేని కొమ్మ, మూడు నాలుగు అంగుళాలు, కణుపు కింద కోయాలి. కింది ఆకులు తుంచి, సగం గ్రిట్ (సన్న గులకరాళ్ళు) కలిపిన కంపోస్ట్‌లో గుచ్చాలి. వెలుతురున్న కిటికీలో పెట్టండి. కింద రేడియేటర్ ఉన్న కిటికీ వద్దు, నాలుగు రోజుల్లో అప్పడమవుతాయి.

ఇక మిగతావి.

మొదటి ఫ్రాస్ట్ పడ్డాక మొదలు మీద అయిదారు అంగుళాల మందాన బెరడు మల్చ్ (నేల మీద కప్పే బెరడు ముక్కల పొర) పోయండి. రాలిన ఆకులు పోస్తే తడిసి ముద్దయి అవే కుళ్ళబెడతాయి.

ఫోన్‌లో 3 డిగ్రీలని చూపిస్తోందని ధీమా వద్దు. మబ్బు లేని, గాలి లేని రాత్రి గడ్డి మీద ఎప్పుడో సున్నా కిందికి దిగిపోతుంది.

కప్పితే ఫ్లీస్ (మొక్కలకు కప్పే పలచటి తెల్ల గుడ్డ) కప్పండి. ప్లాస్టిక్ కవర్ వద్దు.

బబుల్ రాప్ కుండీకి చుట్టాలి, మొక్కకు కాదు. కుండీలో వేళ్ళకు చలి నాలుగు వైపులనుంచీ కొడుతుంది.

కుండీ కింద ఇటుక ముక్కలు పెట్టి ఎత్తండి. గోడ దగ్గరికి జరపండి.

ఎరువు ఆపేయండి. ఆగస్టులోనే ఆపాల్సింది.

అక్టోబర్‌లో సగం ధరకు వస్తోందని కొత్త సాల్వియా కొని నేలలో నాటకండి. కొంటే కుండీలోనే ఉంచండి.

సంక్రాంతికి ఇండియా వెళ్తున్నారా? పక్కింటివాళ్ళకు తాళం ఇస్తే ప్రేమతో రోజూ నీళ్ళు పోస్తారు. పోయొద్దని కాగితం మీద రాసి అతికించండి. మట్టి పైపైన ఎండనివ్వాలి.

లోపల పెట్టిన వాటికి బూజు పట్టిన ఆకు కనిపిస్తే అప్పుడే తుంచి పారేయండి.

ఫిబ్రవరిలో రెండు రోజులు ఎండ కాయగానే కత్తెర తీయకండి. మార్చిలో కూడా ఫ్రాస్ట్ పడుతుంది, ఏప్రిల్‌లోనూ పడుతుంది. అడుగున చిగుళ్ళు కంటికి కనిపించాకే కోయాలి. మళ్ళీ చెబుతున్నా, చిగురు కనిపించాకే.

పొద రకాల్ని కోసేటప్పుడు ఆకు మొగ్గల పైన ఆపండి. బోడి కట్టె దాకా దిగితే చిగురేయకపోవచ్చు.

ఏప్రిల్‌లో స్లగ్స్ (గుల్ల లేని నత్తలు) కోసం టార్చ్ పట్టుకుని రాత్రి చూడండి. చలికాలం దాటి లేచిన చిగురును అవి తినేస్తే, చలికి పోయిందనుకుని మనం మొక్క తవ్వేస్తాం.

జూన్ రాకుండా తవ్వొద్దు. గ్వారనిటికా మే చివర్లో లేచిన ఏళ్ళున్నాయి.

ఇప్పటికే కోసేసినవాళ్ళు ఇంకా కిందికి కోయకండి. మోళ్ళ మీద మల్చ్ పోసి, వాన పడకుండా పైన ఖాళీ కుండీ బోర్లించి బరువు పెట్టండి. పొడిగా ఉన్న రోజుల్లో ఎత్తి గాలి తగలనివ్వండి. కోసిన కొమ్మలు గార్డెన్ వేస్ట్ బిన్‌లోనే ఉంటే, కౌన్సిల్ బండి రాకముందే లేత కొనలు ఏరుకుని కటింగులు పెట్టండి. బండి మా వీధికైతే గురువారం ఉదయం ఏడుకే వస్తుంది.