వానాకాలంలో విమానాన్ని అత్యవసరంగా పొలంలో దించాల్సి వస్తే: ట్రైనీ పైలట్లకు జాగ్రత్తలు

మే నెలలో దున్ని ఎండిన పొలం జూలై, ఆగస్టు నాటికి వరి మడి అయిపోతుంది. పైనుంచి చూస్తే ఆ మడే నున్నగా, పచ్చగా కనిపించి ఆశపెడుతుంది. దాన్ని నమ్మకండి. బురదలో ముందు చక్రం దిగబడితే విమానం తలకిందులయ్యే ప్రమాదం ఉంది. వేసవిలో మీ దారిలో గుర్తుపెట్టుకున్న పొలాలన్నీ ఈ సీజన్‌కు ముందు మళ్లీ చూసుకోవాలి.

వరి మడి కంటే ఎర్రనేల చెల్క మేలు, నీరు త్వరగా ఇంకుతుంది. అయితే అక్కడ బండరాళ్లు ఉండొచ్చు. నల్లరేగడి తడిస్తే చక్రాలను పట్టేస్తుంది. మొక్కజొన్న పైనుంచి కనిపించే దానికంటే చాలా ఎత్తు. ఏ చేలోనైనా సాళ్ల వెంటే దిగండి, అడ్డంగా వద్దు. ఊరి బయట వెంచర్ల రోడ్లు బాగానే కనిపిస్తాయి కానీ పక్కనే హద్దురాళ్లు, స్తంభాలు ఉంటాయి. అన్నిటికంటే నాకు భయం కరెంటు తీగలంటేనే. అవి గాల్లోంచి కనిపించవు, స్తంభాలను వెతకాలి. బోరు మోటారు ఉందంటే తీగ కూడా ఉన్నట్టే.

సెస్నా 172 అనే చిన్న శిక్షణ విమానం ఇంజిన్ ఆగిపోతే, గాలి లేనప్పుడు వెయ్యి అడుగుల ఎత్తు నుంచి సుమారు ఒకటిన్నర నాటికల్ మైళ్లే (దాదాపు 2.8 కిలోమీటర్లు) వెళ్తుంది. మలుపులు తిరిగితే అదీ తగ్గుతుంది. కాబట్టి దూరాన ఉన్న గొప్ప పొలం కంటే దగ్గర్లోని ఓ మోస్తరు పొలమే నయం. గాలికి ఎదురుగా దిగండి. 60 నాట్స్ (గంటకు 60 నాటికల్ మైళ్లు) వేగంతో వస్తున్నప్పుడు 15 నాట్స్ ఎదురుగాలి ఉంటే నేలను తాకే వేగం 45, అదే వెనక నుంచి వీస్తే 75. ఢీకొట్టే శక్తి దాదాపు మూడింతలవుతుంది. పొగ, చెరువు అలలు గాలి దిక్కు చెబుతాయి. వాలు బాగా ఎక్కువైతే మాత్రం ఎగువ వైపే దిగాలి.

టేకాఫ్ అయిన వెంటనే ఇంజిన్ ఆగితే తక్కువ ఎత్తులో వెనక్కి తిప్పొద్దు. ఎదురుగా ఉన్న జాగాలోనే దిగాలి. ఈ నిర్ణయం ప్రతి టేకాఫ్‌కు ముందే పైకి చెప్పుకోండి.

గ్లైడర్ (ఇంజిన్ లేని విమానం) వాళ్లు 3000 అడుగుల దగ్గర ప్రాంతాన్ని, 2000 దగ్గర పొలాన్ని ఎంచుకుని, 1000కల్లా సర్క్యూట్‌లో, అంటే దిగడానికి పొలం చుట్టూ తిరిగే దారిలో ఉండాలి. ఆ తర్వాత థర్మల్ (పైకి లేచే వేడిగాలి) తగిలినా దాని వెంట పడొద్దు.

టైముంటే రేడియోలో మేడే (ప్రమాద పిలుపు) చెప్పి, ట్రాన్స్‌పాండర్‌లో (రాడార్‌కు జవాబిచ్చే పరికరం) అత్యవసర కోడ్ 7700 పెట్టండి. దిగే ముందు బెల్టులు బిగించి, తలుపు గడి తీసి, ఇంధనం, మాగ్నెటోలు (ఇంజిన్‌కు నిప్పురవ్వ ఇచ్చేవి) ఆపేయాలి. ఫ్లాప్స్ (వేగం తగ్గించే రెక్కల వెనక పలకలు) దించాకే మాస్టర్ స్విచ్ (విమానం కరెంటు మొత్తానికి స్విచ్) కట్టేయండి. దిగాక దూరంగా జరిగి, చూడ్డానికి వచ్చిన జనాన్ని బీడీ, సిగరెట్ వెలిగించనివ్వకండి.