మాస్టర్‌తో ఫైట్: దెబ్బ ఎందుకు తగులుతోంది, ఎందుకు తగలట్లేదు

కరాటే క్లాసులో తోటివాళ్ళతో ఫైట్ బాగానే నడుస్తుంది. మాస్టారు గ్లవ్స్ తొడుక్కుని "రా" అనగానే నేర్చుకున్నదంతా ఎగిరిపోతుంది. నేను కరాటేలో షోటోకాన్ అనే శైలి మొదలుపెట్టి పన్నెండేళ్ళయింది. మొదటి ఐదేళ్ళూ మాస్టారి చేతిలో ఒకే రకం దెబ్బలు తిన్నాను, ఇంటికొచ్చి "ఆయన స్పీడు అలాంటిది" అనుకుని పడుకున్నాను. ఆయనకి యాభై దాటాయి. మోకాలి నొప్పితో మెట్లెక్కేటప్పుడు రెయిలింగ్ పట్టుకుంటారు. అలాంటి మనిషి పాతికేళ్ళ కుర్రాడికన్నా వేగంగా ఎలా కదులుతారని అడగాలని అప్పట్లో నాకు తోచలేదు.

కింద రాసినవన్నీ నాకో, నాతో క్లాసుకొచ్చేవాళ్ళకో వచ్చిన ఇబ్బందులే. టైక్వాండో, కిక్‌బాక్సింగ్ చేసేవాళ్ళకీ చాలావరకు పనికొస్తాయి.

"నేను కొట్టేలోపే నాకు తగులుతోంది"

మీరు ఏం చేయబోతున్నారో మీ ఒళ్ళే ముందు చెప్పేస్తోంది. వెనక చేత్తో కొట్టే గ్యాకు జుకి ముందు మోచెయ్యి ఇంకాస్త వెనక్కి పోతుంది, భుజం లేస్తుంది, ఊపిరి గట్టిగా పీలుస్తారు. కిక్ అయితే బరువు ముందుగానే ఒక కాలి మీదికి వెళ్ళిపోతుంది. కంటికి ఏదైనా కనపడ్డాక చెయ్యి కదలడానికి ఎవరికైనా సెకనులో దాదాపు నాలుగో వంతు పడుతుంది. మాస్టారికీ అంతే. అందుకే ఆయన మీ పిడికిలి కోసం ఎదురుచూడరు, దానికన్నా ముందు లేచే భుజాన్ని పట్టుకుంటారు.

ఇది అద్దంలో దొరకదు, ఎందుకంటే అద్దం ముందు మనం జాగ్రత్తగా ఉంటాం. ఫైట్ జరిగేటప్పుడు పక్కనుంచి ఫోన్లో వీడియో తీయించుకుని స్లో మోషన్‌లో చూడండి. నా వీడియో చూసి మా చెల్లి పడీపడీ నవ్వింది. "అన్నయ్యా, కోడిపుంజులా మెడ సాచి మరీ చెప్తున్నావు, ఇదిగో కొడుతున్నానని!" నిజమే, ప్రతి పంచ్‌కి ముందు నా గడ్డం బెత్తెడు ముందుకొస్తోంది.

దీనికి పనిచేసిన ప్రాక్టీసు ఇది. గోడకి వీపు పెట్టి, వెనక మోచేతికీ గోడకీ మధ్య రెండు వేళ్ళ సందు ఉండేలా గార్డులో, అంటే చేతులెత్తి కాచుకునే భంగిమలో, నిలబడండి. అక్కడినుంచి పంచ్ కొట్టండి. మోచెయ్యి గోడకి తగిలిందంటే చెయ్యి వెనక్కి లాగారన్నమాట. రోజుకి ఇరవై చాలు. ముందు చేత్తో కొట్టే కిజామి జుకికి ఇంకొక్కటి: చెయ్యి బయల్దేరాకే పాదం కదలాలి. ఎక్కువమంది తిరగేసి చేస్తారు.

"ఆయన పంచ్ ఎక్కడినుంచి వస్తోందో కనపడట్లేదు"

చూడాల్సింది పంచ్ కాదు, దూరం. జపనీయులు దీన్ని మా-ఐ అంటారు. సీనియర్లు ఒక దొంగపని చేస్తారు. వెనక పాదాన్ని చప్పుడు లేకుండా ముందు పాదం దాకా లాక్కుంటారు. తల ఉన్నచోటే ఉంటుంది కాబట్టి దూరం తగ్గినట్టు మనకి అనిపించదు. ఆ తర్వాత ఒక్క అడుగేస్తే చాలు, మీద పడతారు. మనమేమో పిడికిలి వంకే చూస్తూ ఉంటాం.

చూపుని ఆయన మెడ కింద, ఛాతీ పైభాగం మీద ఉంచండి. చేతులూ కాళ్ళూ అంచుల్లో కనపడుతూనే ఉంటాయి. వెనక పాదం దగ్గరికొచ్చిందని తెలియగానే అరడుగు వెనక్కి జరగండి. ధైర్యముంటే సరిగ్గా అప్పుడే కొట్టండి. రెండు పాదాలూ దగ్గరగా ఉన్న ఆ క్షణంలో ఆయన గట్టిగా తోసుకుని రాలేరు, కాలు ఊడ్చే ఆషి బరాయి కూడా అప్పుడే బాగా పడుతుంది.

ఇంకో తప్పు, భయంతో నేరుగా వెనక్కి పోవడం. వెనక రైలొస్తుంటే పట్టాల మీదే పరిగెత్తినట్టుంటుంది. రెండడుగులు వెనక్కి వేశాక మూడోది పక్కకి, ఆయన ముందు పాదానికి బయటివైపుగా వేయండి. ఆయన మళ్ళీ మీవైపు తిరగాలి, ఆ తిరిగేలోపు మీకు ఊపిరాడుతుంది.

"మాస్టారి మీద కాలు లేవట్లేదు"

దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇది మనవాళ్ళలో బాగా కనపడుతుంది. ఎవరూ పైకి చెప్పరు.

నేను బ్రౌన్ బెల్టులో ఉండగా ఒకరోజు నేను పక్కనుంచి తిప్పి తన్నిన మావాషి గేరీ కిక్ మాస్టారి చెవి పక్కన తగిలింది. మెల్లగానే. నేను ఏం చేశానో తెలుసా? గార్డు వదిలేసి, వంగి, ఆయన భుజం తాకి కళ్ళకద్దుకున్నాను. ఆ వంగడంలోనే పొట్టలో ఒక పంచ్ దిగింది. "ఒరేయ్, దణ్ణాలు వచ్చేటప్పుడూ వెళ్ళేటప్పుడూ పెట్టు. మధ్యలో కాదు" అన్నారు. క్లాసంతా నవ్వింది.

పుస్తకానికి కాలు తగిలినా కళ్ళకద్దుకుంటూ పెరిగినవాళ్ళం. పెద్దవాళ్ళకి, అందులోనూ గురువుకి, కాలు తగిలించమంటే బుర్ర సరేనన్నా ఒళ్ళు ఒప్పుకోదు. చిక్కేమిటంటే ఇది గౌరవంలా బయటపడదు. కిక్ జానెడు ముందే ఆగిపోతుంది, మనమేమో స్ట్రెచింగ్ చాలలేదనుకుంటాం. తేల్చుకోవడం సులువే. అదే కిక్ ప్యాడ్ మీద కొట్టండి, తర్వాత ఫ్రెండ్ మీద, ఆ తర్వాత మాస్టారి మీద. మొదటి రెండూ అంది మూడోది మాత్రమే అందకపోతే తొడ నరాలకి ఏ లోపమూ లేదు.

మాస్టార్నే ప్యాడ్ పట్టుకోమనండి. ఛాతీకి ఆనించి పట్టుకుంటే నేరుగా ముందుకి తన్నే మాయే గేరీలు పది కొట్టండి. తర్వాత ప్యాడ్ తీసేసి, అదే చోట ఆయన డోగీకి, అంటే కరాటే డ్రెస్సుకి, తగిలీ తగలనట్టు ఇంకో పది. మొదటి రెండు మూడు ఆగిపోతాయి, ఫర్వాలేదు. మొదలుపెట్టే ముందు ఇద్దరూ ఒకరికొకరు వంగి చేసే రేయ్‌లోనే అనుమతి ఉందని నాకు ఆయన తర్వాత చెప్పారు. అనుమతి ఇచ్చిన మనిషి ముందు సగం మనసుతో తన్నితే ఆయన సాయంత్రం కూడా దండగే.

"నిమిషానికే ఆయాసం"

ఊపిరి బిగబట్టి, పిడికిలి మొదటినుంచీ బిగించి ఉంచుతున్నారు. వేళ్ళు వదులుగా ఉంచి తగిలేటప్పుడే బిగించండి, ప్రతి కదలికకీ చిన్నగా ఊపిరి వదలండి. కియాయ్ అరుపు అందుకే ఉంది, ఫొటోల కోసం కాదు.

"టోర్నమెంట్లలో మెడల్స్ వస్తున్నాయి, ఇక్కడ మాత్రం తన్నులు"

వరల్డ్ కరాటే ఫెడరేషన్ నియమాల్లో పంచ్‌కి ఒకటి, నడుం పైన ఒంటికి తగిలే కిక్‌కి రెండు, తలకి తగిలే కిక్‌కి మూడు పాయింట్లు. పాయింట్ పడగానే రిఫరీ ఆపుతాడు. ఆ అలవాటుతో మనం కొట్టగానే చేతులు దించేస్తాం. మాస్టారికి అక్కడ రిఫరీ లేడు. కొట్టాక కూడా గార్డులో ఉండి ఎదుటివాణ్ణి గమనిస్తూ దూరం జరగడాన్ని జాన్షిన్ అంటారు. పోటీ నియమాల్లోనూ అది ఉంది, మనమే మర్చిపోతాం. కొట్టాక రెండడుగులు బయటికొచ్చేదాకా చేతులు దించనని ఒక నెల పట్టుపట్టండి.

"పది రౌండ్లు ఆడినా ఏమీ రాలేదు"

ఒకేసారి అన్నీ సరిదిద్దాలని చూస్తున్నారు. షోటోకాన్‌లో ఫైట్‌ని కుమితే అంటారు, దీనికి మెట్లు ఎప్పుడో కట్టి ఉంచారు: ఐదడుగుల గోహోన్ కుమితే, మూడడుగుల సాన్‌బోన్, ఒక్క అడుగు ఇప్పోన్, ఆ తర్వాత జియు ఇప్పోన్, చివరికి పూర్తిగా స్వేచ్ఛగా ఆడే జియు కుమితే. చివరిమెట్టు మీద జారితే ఒక మెట్టు దిగండి. జియు ఇప్పోన్‌లో ఇద్దరూ కదులుతూనే ఉంటారు, కానీ ఏ దెబ్బ, ఎక్కడికి అన్నది ముందే చెప్తారు. "మాస్టారూ, ఈ రౌండ్ మీరు కిజామి జుకి ఒక్కటే కొట్టండి, నేను పక్కకి తప్పుకోవడం చూసుకుంటాను" అని అడగండి. నాకు తెలిసి ఇలా అడిగితే విసుక్కున్న మాస్టర్ లేడు.

"దెబ్బలు గట్టిగా తగులుతున్నాయి"

ముందు మీ చేతిని అనుమానించండి. భయంతో మీరు గట్టిగా కొడితే ఎదురుగా కూడా అదే బరువు వస్తుంది. మీరు తగ్గించి, నోరు తెరిచి చెప్పాక కూడా ఆయన తగ్గించకపోతే తప్పు మీది కాదు. నేను కొన్నాళ్ళు వెళ్ళిన ఒకచోట కొత్త పిల్లల ముక్కులు పగలగొట్టడాన్ని పాఠం అనేవారు. మానేశాను. మీరూ మానేయండి.

తలకి దెబ్బ తగిలాక తలనొప్పి, వాంతి, కళ్ళు తిరగడం, మాట తడబడటం, ఏం జరిగిందో గుర్తులేకపోవడం లాంటివి కనపడితే ఆట ఆపి డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. ఆయన సరేననేదాకా ఫైట్ వద్దు. మౌత్‌గార్డ్ లేకుండా అసలు దిగొద్దు.

"ఒక పాయింట్ తగిలింది! నిజంగా తగిలిందా, ఆయనే వదిలేశారా?"

వెంటనే తెలియదు. వచ్చే వారం అదే దెబ్బ అదే చోట ప్రయత్నించండి. ఆ సందు మూసేసి ఉంటే పోయిన వారం పాయింట్ మీదే. మళ్ళీ తెరిచే ఉంటే ఆయన మీకు ఏదో నేర్పిస్తున్నారు, కొట్టుకుంటూ పొండి.

నాకు మూడోవారం కూడా తెరిచే ఉంది.