లిస్ప్ మాక్రోలు – 4వ పాఠం: చూడగానే అర్థమయ్యే రూపం

గత పాఠంలో, ప్రతిసారీ కొత్త పేరును పుట్టించే జెన్‌సిమ్ సాయంతో మాక్రోల్లో (అంటే కోడ్‌ను తయారుచేసే కోడ్‌లో) పేర్ల ఘర్షణను తప్పించడం నేర్చుకున్నాం. మాక్రో సరిగ్గా పనిచేయడానికి అది అవసరం. అయితే, ఆ మాక్రోను వాడిన కోడ్‌ను ఇతరులు చదవగలగాలంటే అది చాలదు. కామన్ లిస్ప్‌లో ఫంక్షన్ పిలుపు కనిపిస్తే, దాని ఆర్గ్యుమెంట్లన్నిటికీ ఎడమ నుంచి కుడికి విలువ కట్టిన తరువాతే ఫంక్షన్ నడుస్తుందని చదివేవారు నిశ్చింతగా నమ్మవచ్చు. మాక్రో విషయంలో ఆ నమ్మకం ఉండదు. కాబట్టి ఏది కొత్తగా పుడుతున్న పేరో, ఏది విలువ కట్టవలసిన భాగమో, ఏది పదేపదే నడిచే కోడో పిలుపు రూపాన్ని బట్టే తెలిసిపోవాలి.

ఒక ఫైలులోని ప్రతి వరుస మీదా ఏదో ఒక పని చేసే మాక్రో కావాలనుకుందాం. మాక్రోను నిర్వచించే డెఫ్‌మాక్రో జోలికి పోకముందే, ఆ మాక్రోను వాడే కోడ్‌ను కాగితం మీద రాసి చూడండి. చాలామందికి మొదట తట్టేది ఇది:

(డూ-వరుసలు వరుస "పద్యాలు" (ప్రింట్ వరుస))

ఇందులో మూడు భాగాలూ ఒకే వరసలో ఉన్నాయి. "వరుస" ఇక్కడే పుడుతోందా, పైన ఎక్కడో ఉన్న వేరియబులా అన్నది నిర్వచనం తెరిస్తే తప్ప తెలియదు. ఇప్పుడు దీన్ని చూడండి:

(డూ-వరుసలు (వరుస "పద్యాలు")
  (ప్రింట్ వరుస))

పెరిగింది ఒక జత కుండలీకరణాలు మాత్రమే. కానీ జాబితాలోని ఒక్కో అంశం మీదా పని చేసే డూలిస్ట్, ఫైలు తెరిచే విత్-ఓపెన్-ఫైల్ వాడిన వారెవరైనా మొదటి జాబితాలో ముందున్నది పేరనీ, ఆ తరువాతది దాని మూలమనీ, మిగిలినదంతా చేయవలసిన పని అనీ ఇట్టే పోల్చుకుంటారు. అలవాటైన రూపాన్ని వాడుకోవడం సొంతంగా కనిపెట్టడం కన్నా మేలని నా గట్టి అభిప్రాయం. 2007లో వచ్చిన క్లోజర్ అనే లిస్ప్ భాష, పేర్లకు విలువలిచ్చే లెట్‌లో ఒక్కో జంట చుట్టూ ఉండే కుండలీకరణాలను తీసేసి పేర్లనూ విలువలనూ చదరపు బ్రాకెట్లలో పెట్టినప్పుడు కూడా, పేర్లు పుట్టే చోటును విడిగా చూపించడం మానలేదు.

నిర్వచనం ఇది:

(డెఫ్‌మాక్రో డూ-వరుసలు ((వరుస దారి) &బాడీ పని)
  (లెట్ ((ధార (జెన్‌సిమ్)))
    `(విత్-ఓపెన్-ఫైల్ (,ధార ,దారి)
       (లూప్ ఫర్ ,వరుస = (రీడ్-లైన్ ,ధార నిల్)
             వైల్ ,వరుస
             డూ (ప్రోగ్ఎన్ ,@పని)))))

&బాడీ బదులు &రెస్ట్ రాసినా విస్తరణ (మాక్రో తయారుచేసే కోడ్) మారదు; రెండూ మిగిలిన భాగాలన్నిటినీ ఒక జాబితాగా అందుకుంటాయి. అయితే &బాడీ అని ఉంటే, ఈమాక్స్ ఎడిటర్‌లోని స్లైమ్ వంటి లిస్ప్ పరికరాలు పని భాగాన్ని రెండు ఖాళీల లోపలికి జరిపి అమర్చగలవు. లిస్ప్ చదివేవారి కన్ను కుండలీకరణాల కన్నా ఈ అమరికనే ఎక్కువగా నమ్ముకుంటుంది కనుక, దీన్ని చిన్న విషయమని వదిలేయకూడదు.

ఐచ్ఛికమైన వివరాలను స్థానాన్ని బట్టి కాక, కీవర్డుతో అడగండి. డూలిస్ట్ మొదటి జాబితాలో మూడో స్థానంలో ఉండే ఫలితం, అన్నిటికన్నా చివర నడిచేదైనా పైన పేరు లేకుండా కూర్చుంటుంది; అందుకే తరచూ కంటికి ఆనదు.

అభ్యాసం: తెలుగు ఫైళ్లు చదవడానికి ఎన్‌కోడింగ్ చెప్పగలగాలి. మొదటి జాబితాలో &కీ చేర్చి, ఆ విలువను విత్-ఓపెన్-ఫైల్‌కు :ఎక్స్‌టర్నల్-ఫార్మాట్‌గా అందించండి; ఏమీ ఇవ్వనప్పుడు :డిఫాల్ట్ వెళ్లాలి. పిలుపు ఇలా ఉండాలి:

(డూ-వరుసలు (వరుస "పద్యాలు" :ఎన్‌కోడింగ్ :యూటీఎఫ్-8)
  (ప్రింట్ వరుస))

రాశాక మాక్రోఎక్స్‌పాండ్-1తో విస్తరణను పరిశీలించండి. తప్పుడు రూపం ఇచ్చినవారికి స్పష్టమైన దోష సందేశం చూపించడం 5వ పాఠంలో నేర్చుకుందాం.