అమ్మ ఫోనుకు రీఛార్జి: రోజుకు ఎంత పడుతోందో లెక్క కట్టండి

ఆ మధ్య ఒక శ్రావణమాసంలో మూడు రోజులు మా అమ్మ ఫోను కలవలేదు. అమ్మ అవనిగడ్డ దగ్గర పల్లెలో ఒక్కతే ఉంటుంది, నేను విజయవాడలో. మొదటి రోజు సిగ్నల్ లేదేమో అనుకున్నాను, రెండో రోజు ఛార్జింగ్ పెట్టలేదేమో అనుకున్నాను. మూడో రోజు పక్కింటి పిన్నికి చేసి అమ్మకు ఇమ్మంటే, అమ్మ అన్న మొదటి మాట: "మూడ్రోజుల్నించి ఫోనే చెయ్యలేదేంటమ్మా, ఒంట్లో బాగానే ఉందా?"

రీఛార్జి గడువు దాటి అప్పటికి చాలా రోజులైంది. ముందు అమ్మ చేసుకునే కాల్స్ ఆగాయి. అమ్మ ఎవరికీ తనంతట తాను చెయ్యదు కాబట్టి అది ఎవరికీ తెలియలేదు. తర్వాత వచ్చే కాల్స్ కూడా ఆగిపోయాయి. గడువు గురించి మెసేజీలు వచ్చాయి గానీ అన్నీ ఇంగ్లీషులో. అమ్మ తెలుగే కూడబలుక్కుని చదువుతుంది.

అప్పటి నుంచి మా ఇంటి ఐదు నంబర్ల రీఛార్జి నేనే చూస్తున్నాను. పాల లెక్క రాసుకునే పుస్తకంలోనే వెనక పేజీల్లో నంబరు, వేసిన తేదీ, ఎన్ని రోజులు, ఎంత అని నాలుగు గళ్లు గీశాను. ఆ పుస్తకం నాకు నేర్పిన పద్ధతే ఇక్కడ చెబుతున్నాను.

మొదట చేయాల్సింది భాగహారం. ప్లాన్ ధరను రోజులతో భాగించండి. అమ్మకు ఊళ్లో కొట్టతను ప్రతిసారీ 299 వేసేవాడు. "అందరూ అదే వేయించుకుంటారండీ" అన్నాడు అడిగితే. అది 28 రోజులది, అంటే రోజుకు 10 రూపాయల 68 పైసలు. నెలకోసారి కదా, ఏడాదికి పన్నెండు సార్లు అనుకుంటాం. 28 రోజుల లెక్కన ఏడాదికి పదమూడు సార్లు వేయాలి. 299ని 13తో గుణిస్తే 3887. పదమూడోది నెల లెక్కలో కనపడదు, ఏడాది లెక్కలోనే బయటపడుతుంది.

రెండోది, ఆ డబ్బులో మీరు వాడనిది ఎంత? 299లో రోజూ డేటా ఉంది. అమ్మది బటన్ల ఫోను! ఆ డేటా ఒక్క బొట్టు కూడా ఆమెకు పనికిరాదు. అయినా నెలల తరబడి కట్టాం. ఇది తలుచుకుంటే ఇప్పటికీ మనసు ఒప్పదు, ఎందుకంటే అవి అమ్మ పింఛను డబ్బులు. ఇంటర్నెట్ అక్కర్లేనివాళ్లకు మాటలు, ఎస్సెమ్మెస్ మాత్రమే ఉండే ప్లాన్ ఒకటి కంపెనీలన్నీ ఇవ్వాలని 2024 డిసెంబరులో ఫోను కంపెనీలను నియంత్రించే ప్రభుత్వ సంస్థ ట్రాయ్ నిబంధన తెచ్చింది. అలాంటి రీఛార్జి గడువు 365 రోజుల వరకూ ఉండొచ్చని కూడా అందులోనే చెప్పింది. 2025 జనవరిలో ఆ ప్లాన్లు వచ్చినప్పుడు నేను పుస్తకంలో రాసుకున్న ధరలివి: ఎయిర్‌టెల్‌లో 84 రోజులకు 469, 365 రోజులకు 1849. జియోలో 84 రోజులకు 448, 336 రోజులకు 1748. మీరు చదివే రోజుకు ఇవి మారి ఉండొచ్చు, వేయించే ముందు కంపెనీ యాప్‌లో చూసుకోండి. యాప్ తెరవగానే పైన కనపడేవి డేటా ప్లాన్లు, ఇవి కావాలంటే కిందికి వెతుక్కుంటూ వెళ్లాలి.

భాగహారం మళ్లీ చేయండి. 1849ని 365తో భాగిస్తే రోజుకు 5 రూపాయల 7 పైసలు. అమ్మ కడుతున్నదాంట్లో సగం కూడా కాదు. ఏడాదికి తేడా రెండు వేల పైమాటే, అంటే ఆంధ్రాలో 4000 పింఛను తీసుకునే మనిషికి అరనెల పింఛను. 336 రోజులదాన్ని ఏడాది ప్లాన్ అనుకుని క్యాలెండర్ మీద రాసుకోకండి. అది పన్నెండు ఇరవై ఎనిమిదులు, ఏడాదికి 29 రోజులు తక్కువ.

ఈ ప్లాన్లతో ఒక జాగ్రత్త. స్మార్ట్‌ఫోన్‌లో వేస్తే మొబైల్ డేటా తప్పకుండా ఆపి ఉంచండి. బ్యాలెన్సులో పది ఇరవై ఉంటే అదంతా నిమిషాల్లో డేటా కింద పోవచ్చు.

ఇక తేదీలు. అమ్మకు పింఛను ఒకటో తారీకున ఇంటికే తెచ్చిస్తారు. 28 రోజుల రీఛార్జి మాత్రం నెలకు రెండు మూడు రోజులు వెనక్కి జరుగుతూ పోతుంది. ఒకటిన మొదలుపెడితే నాలుగైదు నెలలకు ఇరవై తారీకు దగ్గరకొస్తుంది, అప్పటికి చేతిలో డబ్బు ఉండదు. మా శ్రావణం గొడవకు అసలు కారణం అదే. ప్రతి కంపెనీ 30 రోజుల ప్లాన్ ఒకటి, ప్రతి నెలా అదే తారీకున వేసుకునే ప్లాన్ ఒకటి ఉంచాలని 2022 జనవరిలోనే ట్రాయ్ ఆదేశించింది. నెల జీతం మీదో పింఛను మీదో బతికేవాళ్లు రోజుకు పావలా ఎక్కువైనా అదే తారీకు ప్లాన్ తీసుకోవడం మంచిదని నా అభిప్రాయం.

గడువు దాటితే ఏమవుతుందో లెక్కలో కలపకపోతే ప్రీపెయిడ్ ఖర్చు సగమే తెలిసినట్టు. ఒకప్పుడు రీఛార్జి చేయకపోయినా కాల్స్ వచ్చేవి. 2018 చివర్లో ఇన్‌కమింగ్ కావాలన్నా నెలనెలా కనీసం 35 రూపాయలు వేయాలన్నారు. 2024 జులైలో ధరలు పెంచాక ఎయిర్‌టెల్‌లో ఆ కనీసం 28 రోజులకు 199 అయింది. ఈలోగా మన బతుకంతా ఆ నంబరుకే ముడిపడింది: బ్యాంకు ఓటీపీ, ఆధార్ ఓటీపీ, గ్యాస్ బుకింగు, ఆస్పత్రి చీటీ. సిమ్ ఆగితే ఇవన్నీ ఆగుతాయి. అందుకే మీ ఇంట్లో ప్రతి నంబరు ఎదురుగా దానికి ఏ ఖాతాలు ముడిపడి ఉన్నాయో రాసుకోండి. మా ఆయన రెండో సిమ్ ఎందుకని తీసేద్దామనుకున్నాం. రాస్తే దానికి బ్యాంకు ఖాతా, ఎల్ఐసీ పాలసీ రెండూ ఉన్నాయని తేలింది.

వాడకుండా పక్కన పెట్టిన సిమ్‌కు ఒక నిబంధన ఉంది. 90 రోజులు ఏమాత్రం వాడకపోయినా, బ్యాలెన్సు 20 రూపాయలు ఉంటే కంపెనీ నంబరు రద్దు చేయకూడదు. 30 రోజులకోసారి 20 తీసుకుని నంబరు నిలపాలి. బ్యాలెన్సు లేక నంబరు ఆగిపోయినా 15 రోజుల్లోపు వెళ్లి వెనక్కి తెచ్చుకోవచ్చు. అయితే నంబరు రద్దు కాకుండా ఉండటం వేరు, దానికి కాల్స్ రావడం వేరు. పూర్తిగా రద్దయిన నంబరును కొన్నాళ్లాగి ఇంకొకరికి ఇచ్చేస్తారు. మీ బ్యాంకు ఓటీపీలు అప్పుడు ఎవరికో వెళ్తాయి. నంబరు వదులుకునే ముందు బ్యాంకులో మార్పించుకోండి.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైనది, ఏ ధరల పట్టికలోనూ ఉండనిది: మీ ఇంట్లో సిగ్నల్. ఇంకో కంపెనీ చవగ్గా ఉందని నేను ఆత్రపడి మార్చేయబోయాను. మా తమ్ముడు ఆపాడు. ఆ కంపెనీ సిమ్ ఉన్న పిన్ని వాళ్లబ్బాయి ఫోను అడిగి తీసుకుని అమ్మ ఇల్లంతా తిరిగాం. వీధి అరుగు మీద నాలుగు గీతలు. నడిమింట్లో రెండు. వంటింట్లో ఒకటి, అదీ ఉండి ఉండి. అమ్మ రోజంతా ఉండేది వంటింట్లో, వెనక పెరట్లో. అక్కడ నిలబడి నేను చేసిన మూడు కాల్స్‌లో రెండు కలవలేదు. రోజుకు పావలా మిగిలినా అమ్మ గొంతు వినపడకపోతే ఆ పావలా నాకెందుకు? మీరు కూడా ఇలాగే చేయండి: మనిషి పడుకునే చోట, వండుకునే చోట, పొలంలో నిలబడే చోట, పొద్దున ఒకసారి, రాత్రి ఎనిమిది గంటలప్పుడు ఒకసారి. కరెంటు పోయినప్పుడు టవర్ నిలుస్తుందో లేదో ఇరుగుపొరుగును అడగండి. దివిసీమలో తుఫాను కాలంలో ఆ ప్రశ్న తప్పనిసరి.

డేటా నిజంగా కావాల్సినవాళ్ల విషయం చిన్నదే. మా అబ్బాయి హైదరాబాదులో హాస్టల్‌లో ఉంటాడు. రోజుకు 1.5 జీబీ, అంటే 28 రోజులకు 42 జీబీ. ఫోను సెట్టింగుల్లో డేటా వాడకం తెరిచి చూస్తే 11 వాడాడు, మిగతాదంతా హాస్టల్ వైఫై. ఏ రోజు డేటా ఆ రాత్రితో పోతుంది, మిగిలింది మర్నాటికి రాదు. అందుకే ముందు మూడు నెలల వాడకం చూసి, తర్వాత ప్లాన్ ఎంచుకోండి. హద్దు లేని 5జీ కోసమైతే, 2024 జులై తర్వాత జియో, ఎయిర్‌టెల్ దాన్ని రోజుకు 2 జీబీ, ఆపై ప్లాన్లకే ఇచ్చాయి.

చిల్లర కోతలు కూడా పుస్తకంలో రాయండి. కొన్ని చెల్లింపుల యాప్‌లు రీఛార్జి మీద రూపాయి నుంచి మూడు రూపాయలు ఫీజు వేస్తాయి, కంపెనీ సొంత యాప్‌లో చాలాసార్లు ఉండదు. పది రూపాయల టాపప్ వేస్తే 7 రూపాయల 47 పైసలే బ్యాలెన్సుగా వస్తుంది, మిగతాది పన్ను, రుసుము. మీరు అడగని పాటల సర్వీసు ఏదైనా డబ్బు కోస్తుంటే 155223కి చేసి తీయించండి. బ్యాలెన్సు ఎటు పోయిందో తెలియకపోతే 198కి ఫిర్యాదు చేసి డాకెట్ నంబరు, అంటే ఆ ఫిర్యాదుకు వాళ్లిచ్చే నంబరు, తప్పకుండా రాసుకోండి. ప్రీపెయిడ్ వాళ్లకు బిల్లు రాదు, అది దీని పెద్ద లోపం. కానీ అడిగితే కాల్స్ వారీ వివరం ఇవ్వాలి, దానికి 50 రూపాయలకు మించి తీసుకోకూడదు. పోస్ట్‌పెయిడ్‌తో పోల్చేటప్పుడు పన్ను మరవకండి. ప్రీపెయిడ్ ధరలో జీఎస్టీ కలిసే ఉంటుంది. పోస్ట్‌పెయిడ్‌లో 449 అంటే 18 శాతం కలిపి దాదాపు 530.

కంపెనీ మారాలంటే పోర్ట్ అని ఇంగ్లీషులో కొట్టి, ఖాళీ వదిలి, మీ పది అంకెల నంబరు 1900కి పంపండి. ఎనిమిది అక్షరాల కోడ్ వస్తుంది, మన దగ్గర అది నాలుగు రోజులే పనిచేస్తుంది. ఇప్పుడున్న కంపెనీలో 90 రోజులు నిండి ఉండాలి. మిగిలిన బ్యాలెన్సు, మిగిలిన రోజులు వెంట రావు, కాబట్టి గడువు చివరి వారంలోనే మారండి.

అందుకే అమ్మకు ఏడాది ప్లాన్ వేయలేదు, 84 రోజులదే వేశాను. ఎయిర్‌టెల్ ధరల్లో చూస్తే రెంటికీ తేడా రోజుకు 52 పైసలు. రేపు ఇప్పుడున్న కంపెనీ టవర్ సరిగా పనిచేయకపోతే మారిపోయే వీలు కోసం ఆ 52 పైసలు ఇస్తున్నాను. గడువు తీరే తారీకుకు వారం ముందు గోడ మీది క్యాలెండర్లో ఎర్ర పెన్నుతో సున్నా చుట్టాను. అమ్మకు ఆ అంకెలు చదవడం వచ్చు. మొన్న తనే ఫోను చేసింది, "ఎర్ర సున్నా వచ్చిందే" అని.