హుషారు కుక్కను ఇంటికి తెచ్చే ముందు

కాపాడి తెచ్చిన కుక్కను, పెంచుకునేవాళ్లు దొరికేదాకా తిరుపతిలోని మీ ఇంట్లో ఉంచుకుంటారా? అది గడప తొక్కకముందే ఇవి చూసుకోండి.

- రేబిస్, పార్వో, డిస్టెంపర్ టీకాలు పడ్డాయా? లేకపోతే తిరుపతి వెటర్నరీ యూనివర్సిటీ ఆసుపత్రిలో చూపించండి. ఇంట్లో మరో కుక్కుంటే రెండు వారాలు వేరుగా ఉంచాలి.
- మిద్దె పిట్టగోడ ఎత్తు, గేటు సందులు. హుషారుగా ఉండే కుక్కకు మూడడుగుల గోడ ఒక లెక్కా! బయటికి తీసుకెళ్లేటప్పుడు మెడపట్టీ కన్నా ఛాతీ బెల్టు నయం.
- ప్రసాదమే కదా అని లడ్డూ పెట్టొద్దు. అందులోని ఎండుద్రాక్ష కుక్కల కిడ్నీలను దెబ్బతీయగలదు.
- వేసవిలో ఎండెక్కకముందే నడిపించండి. అలిపిరి వైపు ఉండేవాళ్లు మాత్రం తెల్లవారాకే బయల్దేరండి, చిరుతల టెన్షన్ ఉంది.
- అద్దిల్లయితే ఓనర్‌ను ముందే అడగండి.