క్యూ షీట్‌లో లేకపోతే ర్యాంపు ఉన్నా లేనట్టే

నేను నాటకాలకు స్టేజీ మేనేజర్‌ని. నటించను, రాయను. ఎవరు ఎటు నుంచి రావాలి, ఏ లైటు ఎప్పుడు వెలగాలి, ఏ కుర్చీ ఎక్కడుండాలి, ఇవన్నీ క్యూలుగా, అంటే వరస నంబర్లున్న సూచనలుగా రాసిన పుస్తకం (దాన్నే క్యూ షీట్ అంటాం) ముందేసుకుని, చెవికి హెడ్‌సెట్ తగిలించుకుని చీకట్లో కూర్చుంటాను. ఆ పుస్తకంలో ఉన్నది జరుగుతుంది, లేనిది జరగదు. వైకల్యం ఉన్నవాళ్లకు నాటకం అందాలంటే ఏం చేయాలని ఎవరడిగినా నేను చెప్పేది ఒకటే. దాన్ని దయాదాక్షిణ్యాల ఖాతాలోంచి తీసి క్యూ షీట్‌లోకి ఎక్కించండి.

ఈ ముక్క నాకు ఒక తాళంచెవి నేర్పింది. ఒకసారి హాలు మాట్లాడుకునేటప్పుడు ఫోన్లో "ర్యాంపు ఉందా?" అని అడిగాను. "ఉందండీ, వెనకవైపు" అన్నారు. నిజంగానే ఉంది. తీరా వీల్‌చైర్‌లో ఒకాయన వచ్చేసరికి ర్యాంపు చివర గేటుకు తాళం. తాళంచెవి ఉన్న మనిషి బయటికెళ్లాడు. అతన్ని వెతికి తెచ్చి తాళం తీయిస్తే లోపల నాలుగంగుళాల గడప. చివరికి నలుగురం కలిసి కుర్చీతో సహా ఆయన్ని ఎత్తి లోపల దించాం. ఏదో సాయం చేశామని మేం సంబరపడుతుంటే ఆయన మెల్లగా, "సామానులా మోయించుకోవడానికి కాదండీ నేను టికెట్ కొన్నది" అన్నారు. అప్పటికి మొదటి సీను అయిపోయింది.

కాబట్టి ఫోన్లో అడిగి ఊరుకోకండి. టేపు పట్టుకెళ్లి కొలవండి. తలుపు తెరిస్తే కనీసం 80 సెంటీమీటర్ల దారి ఉండాలి. వీల్‌చైర్ తిరగడానికి 150 సెంటీమీటర్ల ఖాళీ కావాలి. ర్యాంపుకు అందరూ వాడే లెక్క 1:12, అంటే ఒక వంతు ఎత్తుకు పన్నెండు వంతుల పొడవు. 15 సెంటీమీటర్ల మెట్టుకు 180 సెంటీమీటర్ల ర్యాంపు సరిపోతుంది. అదే 90 సెంటీమీటర్ల వేదికకైతే దాదాపు 11 మీటర్లు, మధ్యలో ఆగడానికి చదునైన చోటు అదనం. ఈ లెక్క కట్టాకే మా బృందం కొన్ని నాటకాలను వేదిక దింపి నేల మీద ఆడటం మొదలుపెట్టింది. చూసేవాళ్ల వరసలు మెట్లుగా వేసి, మొదటి వరసను నేల మట్టంలోనే ఉంచితే ర్యాంపు గొడవే ఉండదు.

వీల్‌చైర్‌కు సుమారు 90 బై 120 సెంటీమీటర్ల చోటు కావాలి. దాన్ని వెనక గోడ పక్కన ఇవ్వకండి. మధ్య వరసల్లో కుర్చీలు తీసి ఇవ్వండి. పక్కనే తోడొచ్చినవాళ్లకు ఒక సీటు ఉండాలి. భార్యాభర్తలు వస్తే ఒకరిని ముందూ ఒకరిని వెనకా కూర్చోబెట్టిన హాళ్లు చూశాను. ఇంకోటి, వికలాంగుల టాయిలెట్ తలుపు తెరిచి చూడండి. ఒకసారి అందులో పెట్టెలు నిండి ఉన్నాయి. హాలువాళ్లను తిట్టుకుంటూ మూత తీస్తే లోపలున్నవి మా కాస్ట్యూములే.

వినికిడి లేనివాళ్ల విషయంలో మా మొదటి తప్పు కూడా చెప్పేస్తాను. సంజ్ఞా భాష అనువాదకురాలిని పిలిచాం, వేదిక కుడి మూల నిలబెట్టాం, ఆమె మీద విడిగా లైటు కూడా వేశాం. రెండో అంకంలో కరెంటు పోయే సీను ఉంది. క్యూ షీట్‌లో "అన్ని లైట్లూ ఆఫ్" అని రాసి ఉంది. ఆర్పేశాం. పాత్రలు చీకట్లో రెండు నిమిషాలు మాట్లాడుకున్నాయి. ఆ రెండు నిమిషాలూ ఆవిడ చేతులు ఆడిస్తూనే ఉంది, ఎవరికీ కనబడకుండా. ఇప్పుడు ఆ లైటు నంబరు పక్కన ఎర్రసిరాతో "ఇది ఎప్పుడూ ఆరదు, చీకటి సీన్లలో తగ్గించు" అని రాసి ఉంటుంది.

అనువాదకులకు స్క్రిప్టు కనీసం మూడు వారాల ముందు ఇవ్వండి. చమత్కారాలూ పాటలూ అప్పటికప్పుడు చేతుల్లోకి రావు. రెండు గంటల నాటకానికి ఇద్దరు కావాలి, ఇరవై ముప్పై నిమిషాలకోసారి మారాలి. ఆ పని చేతులతో పాటు మెదడునీ అలసిపోయేలా చేస్తుంది. వాళ్ల బట్టలు గళ్లూ చారలూ లేకుండా, చేతులు స్పష్టంగా కనబడే రంగులో ఉండాలి. సంజ్ఞా భాష తెలిసినవాళ్లకు అనువాదకుల వైపు సీట్లే ఇవ్వండి. లేకపోతే టెన్నిస్ మ్యాచ్‌లో లాగా తల ఇటూ అటూ తిప్పుతూనే ఉండాలి.

వినికిడి లేనివాళ్లందరికీ సంజ్ఞా భాష రాదు. పెద్ద వయసులో వినికిడి తగ్గినవాళ్లకు అక్షరాలు కావాలి. 1983లో టొరొంటోలో, పాటలతో సాగే ఒపేరా నాటకాలు వేసే కెనడియన్ ఒపేరా కంపెనీ వేదిక పైన మాటల అనువాదాన్ని తెర మీద చూపించడం మొదలుపెట్టింది. అది భాష రానివాళ్ల కోసం, కానీ పద్ధతి అదే. ఒక ల్యాప్‌టాప్, ఒక ప్రొజెక్టర్, ఒకసారికి రెండు వరసలు, నటుల మాటతో పాటు మీట నొక్కే ఒక మనిషి. జోకు మాత్రం నటుడి నోట్లోంచి వచ్చాకే తెర మీదికి రావాలి. ముందే పడితే సగం హాలు ముందు నవ్వుతుంది, నటుడు ఆ రాత్రంతా మీతో మాట్లాడడు. వినికిడి యంత్రం పెట్టుకునేవాళ్ల కోసం హియరింగ్ లూప్ అని ఒకటుంది. హాలు చుట్టూ ఒక తీగ వేస్తారు, మైకులోని మాట అయస్కాంత తరంగంగా నేరుగా యంత్రంలోకి చేరుతుంది. యంత్రంలో 'టీ' అనే అమరిక ఉంటేనే పనిచేస్తుంది. హాల్లో లూప్ ఉందంటే సరిపోదు, ఎవరైనా ఒకరు యంత్రం పెట్టుకుని వెనక వరసలో కూర్చుని విని చెప్పాలి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని ఆడియో డిస్క్రిప్షన్. చూపు లేనివాళ్లకు ఇయర్‌ఫోన్‌లో, డైలాగుల మధ్య ఖాళీల్లో, వేదిక మీద ఏం జరుగుతోందో చెప్పడం. నాటకాల్లో దీన్ని ఒక పద్ధతిగా నిలబెట్టింది చాలావరకు చూపు కోల్పోయిన మార్గరెట్ ఫాన్‌స్టీల్, ఆమెతో పనిచేసిన కోడీ ఫాన్‌స్టీల్. 1981లో వాషింగ్టన్‌లోని అరీనా స్టేజ్ అనే నాటకశాలలో మొదలైంది.

మా నాటకంలో మాటల్లేని సీను ఒకటుంది. ఒకామె ఉత్తరం చదివి పెట్టెలో దాస్తుందనుకుంటాం, దాచదు. దానికి నేను రాసిన మొదటి వాక్యం: "ఆమె బాధగా ఉత్తరం వైపు చూస్తోంది." రిహార్సల్‌కు చూపు లేని ఒక సంగీతం మాస్టారిని పిలిచి వినిపించాను. ఆయన ఆపించారు. "బాధ అని మీరెందుకు చెబుతున్నారు? ఆవిడ ఏం చేసిందో చెప్పండి. బాధో కోపమో నేను చూసుకుంటాను." తిరగరాశాను: "ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టింది. పెట్టె మూత తీసింది. ఉత్తరం చేతిలోనే ఉంది. మూత వేసేసింది." స్టాప్‌వాచ్ పెట్టి చదివితే తొమ్మిది సెకన్లు, ఉన్న ఖాళీ ఏడు. "చేతిలోనే ఉంది" ఉంచి "నాలుగు మడతలు" అన్నదాన్ని "మడిచింది" చేశాను. ఈసారి విని మాస్టారు "ఊఁ" అన్నారు. అంతకంటే పెద్ద మెప్పు నేనింతవరకు పొందలేదు.

నాటకానికి గంట ముందు చూపు లేనివాళ్లను వేదిక మీదికి తీసుకెళ్లండి. సెట్టు తడిమి చూడనివ్వండి, గుమ్మం నుంచి మంచం దాకా నడవనివ్వండి. నటులు వచ్చి పాత్ర గొంతుతో ఒక్కో వాక్యం చెబితే తర్వాత ఎవరు మాట్లాడుతున్నారో తడుముకోనక్కర్లేదు. దీనికి పైసా ఖర్చు లేదు, నటులు గంట ముందు మేకప్ ముగించుకోవాలి, అంతే. అదే కష్టం.

ఆటిజం ఉన్నవాళ్లకూ, పెద్ద శబ్దాలు భరించలేనివాళ్లకూ ఒక ప్రదర్శనను 'రిలాక్స్‌డ్'గా పెట్టొచ్చు. హాలు లైట్లు పూర్తిగా ఆర్పరు, సౌండ్ తగ్గిస్తారు, మధ్యలో లేచి వెళ్లినా మాట్లాడినా ఎవరూ ఉష్ అనరు, బయట ప్రశాంతమైన గది ఒకటి ఉంటుంది. తుపాకీ పేలే సీను ఎప్పుడొస్తుందో ముందే చెబితే చెవులు మూసుకుంటారు. ఇక మిణుకు మిణుకుమనే లైట్లు సెకనుకు మూడుసార్లకు మించి వెలిగి ఆరితే కొందరికి మూర్ఛ రావచ్చు. నేనైతే ఏ ప్రదర్శనలోనూ వాటిని ఒప్పుకోను. డైరెక్టర్ అలిగినా సరే.

ప్రకటనలో ఉన్నవాటితో పాటు లేనివి కూడా రాయండి. "లిఫ్టు లేదు, మూడు మెట్లున్నాయి" అని చదివినవాళ్లు రావాలో వద్దో తామే తేల్చుకుంటారు. వివరాలన్నీ పోస్టర్ బొమ్మలోనే ఉంటే, చూపు లేనివాళ్లకు ఫోన్‌లోని అక్షరాలు చదివి వినిపించే స్క్రీన్ రీడర్ చదవలేదు, విడిగా టైపు చేయాలి. ఫోన్ నంబరొక్కటే ఇస్తే వినికిడి లేనివాళ్లు ఎలా అడుగుతారు? మెసేజ్ పంపే వీలుండాలి.

ఇప్పటిదాకా చూసేవాళ్ల గురించే మాట్లాడాను, అది సగమే. 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడికలో 30వ అధికరణం కళను చూడటంతో పాటు సృష్టించడాన్నీ లెక్కలోకి తీసుకుంది. 2019లో అమెరికా నాటకరంగంలో ఇచ్చే టోనీ అవార్డు గెలిచిన ఆలీ స్ట్రోకర్ వీల్‌చైర్ వాడుతూ ఆ అవార్డు అందుకున్న తొలి నటి. ఆ వేడుకలో సీట్ల వైపు నుంచి వేదిక మీదికి ర్యాంపు లేదు, ఆమె తెర వెనకే ఎదురుచూసి రావాల్సి వచ్చింది. కాబట్టి గ్రీన్‌రూమ్, వింగ్ (వేదిక పక్కన నటులు తమ వంతు కోసం నిలబడే చోటు), అద్దం ఎత్తు కూడా కొలవండి. బ్రిటన్‌లో 1980లో మొదలైన గ్రేఐ బృందం వికలాంగ కళాకారులతో నాటకాలు వేస్తూ, క్యాప్షన్లనూ సంజ్ఞలనూ వర్ణననూ మొదటి నుంచే నాటకంలో కలిపేస్తుంది. నాకు ఆ దారే నచ్చుతుంది.

మంటలు లేస్తే లిఫ్టు వాడకూడదు. వీల్‌చైర్‌లో వచ్చినవాళ్లను ఎవరు, ఏ తలుపు గుండా బయటికి తెస్తారో పేరుతో సహా రాసి, ఆ మనిషికి ఒకసారి ఆ దారిలో నడిచి చూపించండి.

మర్నాడు వచ్చినవాళ్లను పలకరించండి. "ఎలా ఉంది?" అంటే బాగుందనే అంటారు. "కథ ఎక్కడ చేజారింది?" అని అడగండి. ఒకామె, ఇంటర్వెల్ తర్వాత పది నిమిషాలు ఇయర్‌ఫోన్‌లో ఏమీ వినబడలేదని చెప్పింది. బ్యాటరీ అయిపోయింది. అప్పటి నుంచి లైటింగ్ బల్ల కింద ఒక డబ్బా ఉంటుంది, పుస్తకంలో 48వ క్యూ ముందు ఒక వరస ఉంటుంది: "ఇంటర్వెల్. రిసీవర్ల బ్యాటరీలు మార్చు. చెవిలో పెట్టుకుని విను."