బీచ్‌లో ఫ్యాన్ ఆగిందని బ్యాటరీ మార్చకండి: పాత క్యారవాన్ సమస్యలు - పరిష్కారాలు

తిరుపతిలో రేణిగుంట రోడ్డు పక్కన మా షెడ్డు. పాత మెటాడోర్, ట్రావెలర్ వ్యాన్లను ఇంటిల్లిపాదీ పడుకునే బండ్లుగా మార్చడం మా పని. సంక్రాంతి సెలవులైనా, ఎండాకాలమైనా ఈ బండ్లు శ్రీకాళహస్తి, నాయుడుపేట, వాకాడు మీదుగా తూపిలిపాళెం బీచ్‌కి పోతాయి. సోమవారం పొద్దున ఫోన్ వస్తుంది. "అన్నా, కొత్త బ్యాటరీ వేసినా రాత్రి ఫ్యాన్లు తిరగలేదు." నేను అడిగేది ఒకటే: "ఫ్యాన్లు, ఫ్రిజ్ అన్నీ ఆన్‌లో పెట్టి కొలిచినావా?" అవతల నిశ్శబ్దం.

ఫ్యూజులు, టెర్మినళ్ల బిగింపు, బ్యాటరీలో నీళ్లు మీరు చూసే ఉంటారు కాబట్టి వాటి జోలికి పోను.

లక్షణం: దారంతా బాగుంది, బీచ్‌లో పడుకుంది

ఇంజిన్ నడుస్తున్నంత సేపు ఫ్యాన్లు జోరుగా తిరుగుతాయి. బండి ఆపి గంటయ్యేసరికి నీరసపడతాయి. ఫ్రిజ్ ఆన్ అయి నిమిషంలో ఆగుతుంది, మళ్లీ ఆన్ అవుతుంది, మళ్లీ ఆగుతుంది. నీళ్ల మోటార్ వేస్తే లైట్లు తగ్గుతాయి. అన్నీ ఆపి వోల్టులు కొలిచే మీటర్ పెట్టి చూస్తే బ్యాటరీ మీదా, ఫ్రిజ్ దగ్గరా 12.6 వోల్టులు. అంటే నిండుగా ఉన్నట్టే.

దీన్ని చూసి పదిమందిలో తొమ్మిదిమంది బ్యాటరీ పోయిందంటారు. నేనూ అన్నాను, అదీ నా సొంత బండి విషయంలో. మా మెటాడోర్ సగమే బాగుచేసిన బండి. టింకరింగ్, పెయింటింగ్, మంచాలు, వంటగట్టు అయిపోయాయి. "వైరింగ్ వచ్చే ఏడు చూద్దాంలే" అని పాతదాన్నే ఉంచి, వెనక వాడకానికి ఒక వంద ఏహెచ్ (ఆంపియర్ అవర్) బ్యాటరీ కలిపాను. మొదటి ట్రిప్పు బ్రహ్మాండంగా జరిగింది. రెండోసారి రాత్రి తొమ్మిదికి ఫ్రిజ్ ఆగి ఆగి నడవడం మొదలుపెట్టింది. అందులో మా అత్తగారు బేరమాడి కొన్న రొయ్యలున్నాయి. పొద్దున ఆమె మూత తీసి, వాసన చూసి, "ఏం నాయనా, ఊళ్లో అందరి బండ్లూ నువ్వేగా బాగుచేసేది?" అని మాత్రం అన్నారు. తిరిగొచ్చి కొత్త బ్యాటరీ కొన్నాను. మూడో ట్రిప్పులో అదే కథ. ఇంజిన్ నడిచేటప్పుడు బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ విప్పి బ్రష్‌లు మార్చాను. నాలుగోసారి ఇసుకలో కూర్చుని, అన్నీ ఆన్‌లో పెట్టి కొలిచాను.

బ్యాటరీ మీద 12.4. ఫ్రిజ్ దగ్గర 10.4. రెండు వోల్టులు మధ్యలో ఎక్కడో పోతున్నాయి. 12 వోల్టుల ఫ్రిజ్‌లు చాలావరకు పదిన్నర చుట్టుపక్కలకు దిగితే తమంతట తామే ఆగిపోతాయి. ఆగగానే లోడ్ తగ్గి వోల్టేజీ పైకి లేస్తుంది, మళ్లీ స్టార్ట్ అవుతుంది. అలా ఆగి ఆగి నడవడానికి కారణం ఇదే.

కారణం: రంగు కింద ఎర్త్

వైరు ప్లస్ వైపు ఎంత బాగున్నా కరెంటు బ్యాటరీకి తిరిగి రావాల్సింది బాడీ ఇనుము గుండానే. ఈ తిరుగుదారినే ఎర్త్ అంటాం. ఆ బాడీకి నేను ప్రైమర్ కొట్టి, రెండు కోట్లు రంగేసి, ఆ నునుపు మీదే ఎర్త్ లగ్గు (వైరు చివరి లోహపు ఉంగరం) పెట్టి బోల్టు బిగించాను. చూడ్డానికి ముచ్చటగా ఉంది. కానీ రంగు కరెంటును పోనివ్వదు. లగ్గు ఇనుమును తాకడంలేదు, కరెంటంతా బోల్టు మరల (చుట్ల) గుండానే పోతోంది. మరలు కొత్తగా ఉన్నన్నాళ్లు అది సరిపోయింది. సముద్రపు గాలిలోని ఉప్పు తేమను పట్టి ఉంచుతుంది, తుప్పును తొందరపెడుతుంది. రెండు రాత్రులు ఆ గాలి తగిలేసరికి మరల్లో తుప్పు పొర కట్టింది. తిరుపతి ఎండలో నెలల తరబడి బయటపడని జబ్బు బీచ్‌లోనే ఎందుకు బయటపడిందంటే ఇందుకే.

మరి మీటర్ 12.6 ఎందుకు చూపింది? మిద్దె మీద ట్యాంకు నిండుగా ఉంది, పైపులో పాచి పట్టింది అనుకోండి. కుళాయి కట్టేసి ఉన్నంత సేపు ఒత్తిడి బాగానే ఉంటుంది. తిప్పగానే సన్నధార. మీటర్ లాగే కరెంటు లెక్కలోకి రానంత తక్కువ, తుప్పు పొర గుండా కూడా అది పోతుంది. పదిహేను ఆంపియర్లు లాగినప్పుడే గుట్టు బయటపడుతుంది. ఇక ఇంజిన్ నడిచేటప్పుడు ఆల్టర్నేటర్ 14.2 దాకా ఇస్తుంది. అందులో రెండు పోయినా 12.2 మిగులుతుంది కాబట్టి ఫ్రిజ్ హాయిగా నడుస్తుంది. ఇంజిన్ ఆపగానే ఆగుతుంది కాబట్టి మనం బ్యాటరీని తిడతాం.

పరీక్ష: రెండు నిమిషాల పని

ఇంజిన్ ఆపండి. ఫ్యాన్లు, లైట్లు, ఫ్రిజ్, మోటార్ అన్నీ ఆన్ చేయండి. మీటర్‌ను డీసీలో పెట్టి ఒక ముల్లు బ్యాటరీ మైనస్ పోస్టు మీద, రెండోది ఫ్రిజ్ మైనస్ చివర ఆనించండి. ముల్లు సీసపు పోస్టుకే తగలాలి, దాని మీది క్లాంపుకు కాదు. క్లాంపు మీద పెడితే క్లాంపు కింది తుప్పు తప్పించుకుంటుంది. 0.2 లోపు వస్తే ఎర్త్ బాగుంది. అర వోల్టు దాటితే దొరికింది దొంగ. నాకు 1.8 వచ్చింది. మిగతా 0.2 ప్లస్ వైపు పోయింది. ఆ వైపు కూడా ప్లస్ పోస్టు నుంచి ఫ్రిజ్ ప్లస్ దాకా ఇలాగే కొలవండి.

మీటర్ లేకపోతే అన్నీ ఆన్‌లో ఉంచి ఎర్త్ బోల్టును వేలితో తాకి చూడండి, వేడెక్కి ఉంటే దొంగ అదే. నా బండిలో 1.8 వోల్టులు, పదిహేను ఆంపియర్లు, అంటే పాతిక వాట్లకు పైగా వేడి ఒక్క బోల్టు దగ్గర. దానికి బెత్తెడు దూరంలో ప్లైవుడ్, దాని మీద పరుపు, పరుపు మీద పిల్లలు. రొయ్యలు పోతే పోయాయి, ఇది తలుచుకుంటే ఇప్పటికీ టెన్షనే.

పరిష్కారం

ముందు బ్యాటరీ మైనస్ తీసేయండి. బోల్టు విప్పి, లగ్గు కూర్చునేంత మేర రంగును ఎమరీ పేపర్‌తో తెల్ల ఇనుము మెరిసేదాకా గీకండి. ఇక్కడే చాలామందికి చెయ్యి ఆడదు, మొన్ననే వేలు పోసి వేయించిన రంగు కదా. గీకక తప్పదు. లగ్గుకు చిలుం పట్టి ఉంటే కొత్తది వేయండి. పళ్ల వాషర్ పెట్టి గట్టిగా బిగించండి. వాజిలిన్ బిగించాక పైన పూయాలి, ముందు పూసి బిగించడం కాదు. తర్వాత చుట్టూ రంగు టచప్ చేసుకోవచ్చు.

ఇది ఒక బోల్టుకు వైద్యం. పాత బాడీ ఒకే రేకు కాదు, రివిట్లు కొట్టిన ముక్కలు. ప్రతి అతుకూ రేపటి ఎర్త్ సమస్యే. అందుకని నేనిప్పుడు వెనక వాడకానికి బాడీని నమ్మడం మానేశాను. ఫ్రిజ్, ఫ్యాన్లు, మోటార్ ఒక్కోదానికీ మైనస్ వైరు లాగి ఒక ఇత్తడి పట్టీకి చేర్చి, అక్కడినుంచి లావు వైరుతో బ్యాటరీకి ఇస్తాను. ఫ్రిజ్ దాకా మూడు మీటర్ల దూరానికి 6 ఎస్‌క్యూఎంఎం (చదరపు మిల్లీమీటర్ల) రాగి వైరు చాలు. ఒక రోజు పని పెరుగుతుంది. కస్టమర్ గొణుగుతాడు, గొణగనివ్వండి.

బ్రేక్ తొక్కితే ఇండికేటర్ మిణుకుమంటోంది

ఇదీ ఆ కుటుంబమే. 21 వాట్ల బ్రేక్ బల్బుకు ఎర్త్ దొరక్కపోతే కరెంటు పక్క బల్బుల ఫిలమెంట్ల గుండా దారి వెతుక్కుంటుంది. వెనక లైట్ల గూడు బిగించే స్క్రూ దగ్గర రంగు గీకండి. స్విచ్ మార్చనక్కర్లేదు.

వాన లేదు, పొద్దున పరుపు తడి

టాప్ కారుతోందని సిలికాన్ ట్యూబులు ఖాళీ చేసేవాళ్లను చూశాను. అయిదుగురు తలుపులన్నీ బిగించుకుని పడుకుంటే వాళ్ల ఊపిరి తేమే చల్లబడిన రేకుకు పట్టి కారుతుంది. దోమతెర కట్టి, ఎదురెదురు కిటికీలు రెండు వేళ్ల సందు తెరిచి పడుకోండి. మర్నాడూ తడిసిందంటే అప్పుడు సిలికాన్.

ఇసుకలో దిగబడింది

మెటాడోర్‌ని ముందు చక్రాలు లాగుతాయి, మనమేమో బరువంతా వెనక సర్దుతాం. ఎక్సలేటర్ తొక్కేకొద్దీ గొయ్యి లోతవుతుంది. ముందు టైర్లలో కొంత గాలి దించి, కింద కాళ్లు తుడుచుకునే పట్టాలు వేసి, మెల్లగా వెనక్కి రండి. తారురోడ్డు ఎక్కేముందు గాలి నింపుకోవడం మరవద్దు.

ఆల్టర్నేటర్ డయోడ్ పోయి రాత్రంతా బ్యాటరీ లీకవడం, ఎలుక వైరు కొరకడం, ఫ్రిజ్ కంప్రెసర్ నిజంగానే పోవడం కూడా ఉన్నాయి, కానీ అరుదు. పైన చెప్పిన పరీక్షలో రెండు వైపులా 0.2 లోపే వచ్చినప్పుడు మాత్రమే వాటి జోలికి వెళ్లండి. మా షెడ్డుకు వచ్చేటప్పుడు కూడా ఆ రెండు అంకెలు కాగితం మీద రాసుకుని రండి.